పటానికెక్కిన చోటు

ముప్పై రెండేళ్ళు సోషల్ మాస్టారుగా పనిచేశాను. అన్నేళ్ళలో నాకు శాలువా కప్పింది ఒక్కసారే. నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పు కూడా ఆ శాలువా తెచ్చిన పనే. అందుకే చాలాకాలం ఆ తప్పు సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగంలో చేరుతున్న మీకు చెబుతున్నాను. మీరు నాకంటే తెలివైనవాళ్ళే, అయినా వినండి.

అవి తొంభైల చివరి రోజులు. విజయవాడ వన్ టౌన్‌లో కొండ కింద ఉన్న ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణి. బడికి ముందువైపు టోకు దుకాణాలు, గోడౌన్లు, బస్తాలు మోసే తోపుడుబళ్ళు. వెనకవైపు కొండ. దాని మీద వరసలు వరసలుగా ఇళ్ళు, వాటి మధ్య నిట్టనిలువు మెట్లు. మా పిల్లల్లో సగంమంది ఆ మెట్లు దిగే బడికి వచ్చేవారు. నేను భవానీపురంలో అద్దెకుండేవాణ్ణి. స్కూటరు మీద వచ్చేవాణ్ణి, బెల్లు కొట్టగానే స్కూటరు మీద పోయేవాణ్ణి. తొమ్మిదేళ్ళపాటు ఆ కొండను కిటికీలోంచి చూస్తూ హిమాలయాల గురించి చెప్పాను. ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఆ ఏడు వేసవి సెలవుల్లో మా సోషల్ వాళ్ళకి పది రోజులు శిక్షణ పెట్టారు. తిట్టుకుంటూ వెళ్ళాను గానీ, అక్కడ పాఠాలు చెప్పడానికి వచ్చినాయన నన్ను కట్టిపడేశాడు. జాగ్రఫీ అంటే నదుల పేర్లూ రాజధానుల పేర్లూ కాదు, పిల్ల ఇంటి గుమ్మం దగ్గర మొదలవ్వాలి అన్నాడు. మగపిల్లాడు తిరిగే ఊరు వేరు, ఆడపిల్ల తిరిగే ఊరు వేరు, ఆ తేడా పటంలో కనబడితేనే అందరికీ పనికొచ్చే నగరాన్ని కట్టుకోగలం అన్నాడు. "సుస్థిర నగరం" అనే మాట నేను మొదటిసారి విన్నది అక్కడే. దానికి నా నోరు తిరగడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు నుంచి నేనే పదిమందికి చెప్పడం మొదలుపెట్టాను.

బడి తెరిచిన వారానికే తొమ్మిదో తరగతి పిల్లలకి పని అప్పజెప్పాను. "మీరు రోజూ తిరిగే దారులన్నీ గీసుకు రండి. నీళ్ళెక్కడ, దీపాలెక్కడ, చెత్తెక్కడ, ఆడుకునేదెక్కడ, భయం వేసేదెక్కడ, అన్నీ పెట్టండి" అన్నాను.

పటాలు వచ్చాయి. మగపిల్లలవి బోర్డుకి ఒక పక్క, ఆడపిల్లలవి ఇంకో పక్క అంటించాను. మగపిల్లల పటాల్లో కృష్ణ ఒడ్డు, బ్యారేజీ, రైల్వే స్టేషను, సినిమా హాళ్ళు ఉన్నాయి. ఒకడు కాగితానికి కాగితం అతికించుకుంటూ గన్నవరం విమానాశ్రయం దాకా పోయాడు, వాళ్ళ మేనమామ సైకిలు మీద ఎక్కించుకెళ్ళి విమానం చూపించాడట. ఆడపిల్లల పటాల్లో ఇల్లు, మెట్లు, పంపు, కిరాణా కొట్టు, బడి. అంతే. మగపిల్లలకి కాగితం చాల్లేదు, ఆడపిల్లలకి మిగిలిపోయింది.

నేను తొందరపడి, "ఏమ్మా, ఇంత బద్ధకమా?" అన్నాను.

మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. క్లాసులో ఎక్కువ మాట్లాడేది కాదు. "బద్ధకం కాదండి. మేం వెళ్ళేది అంతేనండి" అంది.

నేను చెప్పాలనుకున్న పాఠం మొత్తం ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పేసింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల మీద నాకు గురి కుదిరింది.

వాళ్ళ నాన్న వన్ టౌన్‌లో తోపుడుబండి మీద సరుకు తోలేవాడు. వాళ్ళమ్మ గోడౌన్లో ఎండుమిరపకాయల తొడిమలు తీసేది. ఇంట్లో ఒక నాయనమ్మ. ఇల్లు కొండకి ముప్పాతిక ఎత్తులో ఉండేది. పంపు మాత్రం కింద. బడికి రాకముందు నాలుగు బిందెలు మోసి వచ్చేదని నాకు తర్వాత తెలిసింది.

సమోన్నత రేఖల పాఠం మీరూ చెబుతారు కదా. ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు. పిల్లలకి ఎక్కని పాఠం అది. ఆ పిల్లకి మాత్రం ఒక్కసారికే ఎక్కింది. "గీతలు దగ్గరదగ్గరగా ఉంటే ఏమిటి?" అని అడిగాను. పుస్తకంలో జవాబు "ఏటవాలు ఎక్కువ" అని ఉంటుంది. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అక్కడ బిందె భుజం మార్చుకోకూడదండి, పడిపోతాం" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఇలాంటి పిల్ల నా క్లాసులో ఉన్నందుకు లోలోపల పొంగిపోయాను. ఈ పిల్లని డిగ్రీ దాకా చదివించాలని, అవసరమైతే వాళ్ళ నాన్నతో నేనే మాట్లాడాలని అప్పుడే అనుకున్నాను.

జిల్లా స్థాయిలో బడి పిల్లల ప్రదర్శన ఒకటి ఉందని కబురొచ్చింది. ఆ పిల్ల చేత కొండ మొత్తానికి పటం గీయించాలనుకున్నాను. నెలరోజులు గీసింది. మెట్లెన్ని, ఏ మలుపులో దీపం ఉంది, ఏ మలుపులో లేదు, కింద నుంచి బిందె పైకి చేరడానికి ఎంతసేపు, వానకి ఏ దారి జారుతుంది, చెత్త ఎక్కడ పడుతుంది, అన్నీ కొలిచింది. అంత చక్కటి పటం నా సర్వీసులో మళ్ళీ చూడలేదు.

ఒక్క చోట మాత్రం నాకు అర్థం కాలేదు. కొండ వెనకవైపు, పెద్ద బండల మధ్య పెన్సిలుతో మసకగా నింపి వదిలేసింది. దానికి పేరు రాయలేదు, సూచికలోనూ పెట్టలేదు.

"ఇదేంటమ్మా?"

"ఊరికేనండి."

"పటంలో ఊరికే అంటూ ఏదీ ఉండకూడదు. గీస్తే పేరుండాలి."

తల దించుకుంది. "చెరిపేస్తానండి" అంది.

చెరపొద్దన్నాను. మర్నాడు మా సైన్సు మేడం గారు స్టాఫ్ రూంలో నన్ను పక్కకి పిలిచారు. ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. ఆడపిల్లలు ఏ కష్టమొచ్చినా ముందు ఆవిడ దగ్గరికే పోయేవారు.

"మాస్టారూ, ఆ పిల్లని ఆ చోటు గురించి అడక్కండి. కొండ మీద ఆడవాళ్ళు బయటికి వెళ్ళే చోటది" అన్నారు.

అప్పట్లో ఆ ఇళ్ళల్లో చాలావాటికి మరుగుదొడ్లు లేవు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియడమంటే, లెక్క తెలిసినట్టు తెలుసు. మేడం గారి మాట విన్నాక నాకు సిగ్గు వేయాలి. కానీ ఉత్సాహం వచ్చింది. శిక్షణలో ఆయన చెప్పింది ఇదే కదా, ఆడవాళ్ళ ఊరు పటాల్లో కనబడదని.

"ఇదేనండీ పెట్టాల్సింది" అన్నాను.

"పెట్టొద్దు మాస్టారూ. మీకు కావాలంటే ఒక కాగితం మీద రాసి ఆఫీసరు గారి చేతికివ్వండి. నేనూ వస్తాను, నేనూ సంతకం పెడతాను. గోడకి ఎక్కించొద్దు."

"దాచిపెడితే మార్పెలా వస్తుందండీ?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. "మీరు దాచుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు మాస్టారూ" అన్నారు.

ఆ మాటకి నేను నొచ్చుకున్నాను. ఆవిడ పాతకాలం మనిషి అని మనసులో అనుకున్నాను. ఆడపిల్లల తరఫున మాట్లాడేది నేను, అడ్డుపడేది ఆవిడ అని కూడా అనుకున్నాను.

ఆ పిల్లని కూర్చోబెట్టి నచ్చజెప్పాను. శాస్త్రంలో సిగ్గుకి చోటు లేదన్నాను. నువ్వు రాస్తే పెద్దవాళ్ళ కళ్ళు తెరుచుకుంటాయి, మీ అమ్మకి మరుగుదొడ్డి వస్తుంది అన్నాను. మిగతా వాటికి రాసినట్టే దీనికీ వేళలు రాయమన్నాను. ఎంతదూరం నడుస్తారు, ఏ వేళకి వెళ్తారు, ఎందరు కలిసి వెళ్తారు. "నేను రాయనండి" అంది ఆ పిల్ల. నేను వదల్లేదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత రాసింది. మాస్టారు చెప్పారు కాబట్టి రాసింది.

ప్రదర్శనలో మా పటానికి మొదటి బహుమతి వచ్చింది. పెద్ద ఆఫీసరు ఒకాయన దాని ముందు పది నిమిషాలు నిలబడ్డాడు. ఆయనే నాకు శాలువా కప్పాడు, పిల్లకి ఒక నిఘంటువు ఇచ్చాడు. నేను మైకులో మాట్లాడాను. స్త్రీ పురుష సమానత్వం, సుస్థిర నగరం, అన్నీ వచ్చాయి. నోరు చక్కగా తిరిగింది. మర్నాడు ఒక పత్రిక జిల్లా పేజీలో ఫోటో వేశారు. పటం పక్కన పిల్ల, పిల్ల పక్కన నేను. కొండ మీద ఆడవాళ్ళ దయనీయ స్థితి అని పక్కన వార్త. ఆ విలేకరి కూడా మంచి మనసుతోనే రాశాడు. బండల గుర్తులూ, వెళ్ళే వేళలూ అన్నీ వివరంగా రాశాడు. హెడ్మాస్టరు గారు ఆ కాగితం కత్తిరించి నోటీసు బోర్డులో పెట్టించారు.

రెండు వారాలు గడిచాయి. పిల్ల బడికి రావడం మానేసింది. మొదట జ్వరమేమో అనుకున్నాను. నాలుగో రోజు పక్కింటి పిల్లని అడిగితే, "వాళ్ళ నాయనమ్మ పడిపోయిందండి" అని ఇంకేం చెప్పకుండా పోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక మొదటిసారి కొండ ఎక్కాను. పటంలో చూసిన మెట్లే. నాలుగో మలుపులో ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. అక్కడ గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయని నాకు గుర్తుంది. బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ళు నన్ను చూసి మాటలాపేశారు. ఒకావిడ కొంగు తలమీదికి లాక్కుని లోపలికి పోయింది.

ఇంటి ముందు మంచం మీద ముసలావిడ పడుకుని ఉంది. పిల్ల వాళ్ళమ్మ పీట వేసింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి ఎలా వచ్చాయో ఆ పిల్ల పటంలో రాసిందే. తాగడానికి నాకు మనసొప్పలేదు, తాగకపోతే బాగుండదు. చుట్టుపక్కల నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. పిల్ల గుమ్మం లోపల, తలుపు చాటున ఉంది.

"పేపర్లో పడ్డ మూడోరోజు నుంచి మొదలండి" అంది వాళ్ళమ్మ. గొంతు పెంచలేదు. "ఎవరో కుర్రోళ్ళు. కొండోళ్ళు కాదండి, కింద నుంచి వచ్చారు. మేం వెళ్ళేసరికే బండల మీద కూచునుంటారు. ఈలలేస్తారు, టార్చి లైట్లేస్తారు. ఒకమ్మాయిని కొంగు పట్టుకు లాగారండి. ఇక అటెళ్ళడం మానేశాం. పక్కనున్న ఏటవాలుకి పోతున్నాం. అక్కడే మా అత్త జారిపోయింది. తుంటి విరిగిందన్నారు ఆస్పత్రిలో."

చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టాను.

"మీరు మంచికే చేశారండి, నాకు తెలుసు" అంది. "కానీ ఆ చోటు మా అత్త నాకు చూపించిందండి. ఆవిడకి వాళ్ళత్త చూపించింది. ఏ బండ వెనక ఎవరికీ కనపడదో ఎతికి ఎతికి పెట్టుకున్నది. మా ఆయనకి కూడా తెలీదండి అదెక్కడో. ఒక్క మొగోడికి చెప్పలేదు మేం. మీరు ఊరందరికీ చెప్పారు."

నిలబడ్డవాళ్ళలో ఒకావిడ, "మాస్టారినెందుకంటావు, రాసింది నీ కూతురు కాదూ. చదువుకుంటే వచ్చిన బుద్ధి" అంది.

అప్పుడు పిల్ల తలుపు చాటు నుంచి బయటికొచ్చింది. ఏడవలేదు. నా వైపు కూడా చూడలేదు. "తప్పు నాదేనండి. వేళలు రాయకుండా ఉండాల్సింది" అంది, ఆ ఆడవాళ్ళందరికీ వినబడేలా.

నా సర్వీసు మొత్తానికి ఆ నిమిషం ఒక్కటే నన్ను వదల్లేదు. ఆ పిల్ల రాయనంది, నేనే రాయించాను అని నేను చెప్పాలి. చెప్పడానికి ఐదు మాటలు చాలు. నేను చెప్పలేదు. నోరెండిపోయింది అనుకోండి, పరువు అనుకోండి, మాస్టారు ఆడవాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవడమేమిటన్న పాత అహంకారం అనుకోండి. "నువ్వు పటం చాలా బాగా వేశావమ్మా" అన్నాను. అని లేచాను. దిగేటప్పుడు ఒక్కళ్ళు కూడా జాగ్రత్త అని చెప్పలేదు.

ఆ తర్వాతి సోమవారం పిల్లని కొల్లేరు వైపు వాళ్ళ పిన్నిగారి ఊరు పంపేశారు. అక్కడ చేపల చెరువుల దగ్గర ఐసు పెట్టెల్లో చేపలు సర్దే పని ఉందట. నేను వాళ్ళ నాన్నని గోడౌన్ల దగ్గర పట్టుకున్నాను. బండి ఆపకుండానే, "ఇంక సదువొద్దులెండి. కొండమీద ఆ పిల్ల తలెత్తుకు తిరగలేకపోతందండి" అన్నాడు. నాయనమ్మ మంచం దిగలేదు. సంక్రాంతి లోపే పోయింది.

సైన్సు మేడం గారికి జరిగిందంతా చెప్పాను. నేను చెప్పలేదా అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఇద్దరం కలిసి అర్జీలు రాశాం. ఆఫీసుల చుట్టూ తిరిగాం. శాలువా కప్పినాయన అప్పటికి బదిలీ అయిపోయాడు. ఏడాదిన్నరకి కొండ కింద, రోడ్డు పక్కన మరుగుదొడ్ల వరస ఒకటి కట్టారు. అన్ని మెట్లు దిగి, దుకాణాల ముందు నుంచి నడిచి వెళ్ళాలి. నీళ్ళు ఎవరికి వాళ్ళు తెచ్చుకోవాలి. కొండ మీది ఒక్క ఆడమనిషి కూడా అటు రాలేదు. కట్టే ముందు ఎవరూ వాళ్ళని అడగలేదు. నేనూ అడగలేదు. అర్జీలో "కొండ దగ్గర" అని నేనే రాశాను. ఇళ్ళల్లో మరుగుదొడ్లు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఒకసారి కైకలూరు బస్సెక్కి వాళ్ళ పిన్నిగారి ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టిద్దామని దరఖాస్తు కూడా పట్టుకెళ్ళాను. పిన్నిగారు గుమ్మంలోనే, "దానికి పెళ్ళైపోయిందండి, మొన్న వైశాఖంలో" అంది. పదహారేళ్ళు కూడా నిండి ఉండవు. ఆ దరఖాస్తు తిరుగు బస్సులో చేతిలోనే ఉంది. విజయవాడ బస్టాండులో దిగి చూసుకుంటే చెమటకి అక్షరాలు చేతికంటుకుని ఉన్నాయి.

ఆ తర్వాత చాలాకాలం పటాలు గీయించలేదు. హెడ్మాస్టరు గారు అడిగితే పోర్షను కాలేదని తప్పించుకున్నాను. నాలుగైదేళ్ళకి మళ్ళీ మొదలుపెట్టాను, కానీ బోర్డుకి అంటించడం మానేశాను. పిల్లలు గీసింది నాకు చూపించాలనుకుంటే చూపిస్తారు, లేకపోతే ఇంటికి పట్టుకుపోతారు. ఇది మంచి పద్ధతేనా అంటే నాకు తెలియదు. మార్కులు వేయడానికి మాత్రం ఇబ్బందిగా ఉండేది.

రిటైరవడానికి రెండేళ్ళ ముందు గన్నవరం దగ్గర ఒక బడికి బదిలీ అయింది. జూన్‌లో అడ్మిషన్లు చూస్తుంటే, ఒకావిడ ఒక పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉంది. నేను గుర్తుపట్టక ముందే ఆవిడ గుర్తుపట్టింది. "నమస్తే అండి" అని ఆగిపోయింది.

"కూర్చోమ్మా" అన్నాను. కూర్చోలేదు.

భర్త ఇక్కడి కోళ్ళఫారంలో పనికి కుదిరాడట. తనూ అక్కడే. "మా ఆడపడుచండి. ఎనిమిదిలోకి. ఏడుతో మానిపించేద్దాం అన్నారండి మా అత్తగారు. నేను పట్టుబట్టి తీసుకొచ్చాను" అంది.

కాగితాలు నేనే నింపాను. పూర్తయ్యాక, పక్కన ఉన్న గుమాస్తా వింటున్నాడని తెలిసి కూడా చెప్పాను. "అమ్మా, ఆ రోజు తప్పు నాది. నువ్వు రాయనన్నావు. నేనే రాయించాను."

ఆవిడ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. కోపం లేదు మొహంలో. ఆ కొండ మీద నిలబడ్డప్పటిలాగే ఉంది. "తెలుసండి" అంది. సంచి భుజానికి తగిలించుకుని, "అప్పుడే మా అమ్మ ముందు ఆ మాట అనుంటే, నన్ను మానిపించేది కాదేమోనండి" అంది.

ఆడపడుచుని వరండాలోకి తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పి, తల నిమిరి, బస్సుకి టైమవుతుందని వెళ్ళిపోయింది. తర్వాత రెండేళ్ళలో పేరెంట్ల మీటింగులకి ఎప్పుడూ వాళ్ళాయనే వచ్చాడు. ఆవిడని నేను మళ్ళీ చూడలేదు.

చేర్చిన రోజు మధ్యాహ్నమే ఎనిమిదో తరగతిలో ఆ కొత్త పిల్ల రెండో బెంచీలో కూర్చుంది. కొత్తగా వచ్చింది కదా, బెరుకు పోగొడదామని దగ్గరికి వెళ్ళి, "మీ వదిన నా దగ్గర చదువుకుంది, చెప్పిందా?" అని అడిగాను.

"చెప్పిందండి" అంది పిల్ల లేచి నిలబడి. "సార్ మంచోరే, భయపడకు అంది. కానీ ఆయన అడిగినవన్నీ రాయక్కర్లేదు అంది."

క్లాసంతా నవ్వింది. పిల్ల బెదిరిపోయి నా వైపు చూసింది, ఏదైనా తప్పు మాట అన్నానా అన్నట్టు.

"లేదమ్మా. మీ వదిన సరిగ్గానే చెప్పింది. కూర్చో" అన్నాను.